దాలమ్మ జిగురూ, దిబ్బలరేవు ఉప్పునీళ్ళూ

పెళ్ళయి అత్తవారింటికి వచ్చిన మూడో రోజున దాలమ్మ బెండకాయ పులుసు వండింది. ఆ పులుసులోంచి గరిటె పైకి లాగడానికి ముగ్గురు మనుషులు పట్టారని పేరివలసలో చెప్పుకుంటారు. అది అబద్ధం. ఇద్దరే పట్టారు. మూడోవాడు చూడ్డానికి వచ్చినవాడు. మామగారు ముద్ద కలిపి నోటి దాకా ఎత్తేసరికి విస్తరి కూడా వెంట లేచింది. ఆయన మీసానికీ విస్తరికీ మధ్య జిగురు తీగ ఒకటి దండెంలా సాగి ఊగుతూ ఉంటే, దాని మీద ఒక చీమ ఈ చివర నుంచి ఆ చివరికి తాపీగా నడుచుకుంటూ వెళ్ళింది. చీమ విషయంలో మాత్రం ఎవరూ పూచీ పడరు.

అత్తగారు జగదాంబ గరిటె అందుకుని ఒక చుక్క నాలిక మీద వేసుకుంది.

“ఏటే ఇది? పులుసా, పడవలకి పూసే బంకా? ఇందల ఉప్పేదే?”

“ఉప్పు విస్తట్లో కదేటి అత్తా ఏసుకుంతారు?” అంది దాలమ్మ, తప్పు తనదో లోకానిదో తెలియక.

ఆమె పుట్టిల్లు నిమ్మాడ. ఆ ఇంట్లో తాతకి ఉప్పు దండిగా పడాలి. నాయనమ్మకి కాళ్ళు పొంగుతాయి, అసలు పడకూడదు. ఏళ్ళ తరబడి తగువాడుకుని, చివరికి కుండలో ఉప్పు వెయ్యడమే మానేసి, ఎవరి ఉప్పు వాళ్ళ విస్తరి అంచున పెట్టడం మొదలెట్టారు. దాలమ్మ పుట్టాక చూసింది ఆ వంటే. లోకమంతా అలాగే తింటుందనుకుంది.

జగదాంబ నుదురు కొట్టుకుని, గుప్పెడు ఉప్పు తీసి కుండలో పడేసి రెండు తిప్పులు తిప్పింది. అంతసేపూ మొండికేసి కూర్చున్న పులుసు ఉన్నట్టుండి పులుసులా జారింది. గరిటెని వదిలేసింది.

“సూసినారా, నా సెయ్యి పడితే మరి!” అంది జగదాంబ.

వీధి వీధంతా ఆవిడ హస్తవాసిని మెచ్చుకుంది. దాలమ్మ కూడా మెచ్చుకుంది. ఉప్పుని మాత్రం ఒక్కరూ మెచ్చుకోలేదు. ఆ చిన్న పొరపాటుకి పన్నెండేళ్ళ తర్వాత ఊరు ఊరంతా తల దించుకోవలసి వచ్చింది.

పేరివలస అంటే, పలాసలో రైలు దిగి, కొబ్బరి నీడ దాటకుండా తూర్పుగా రెండు కోసులు నడిస్తే వచ్చే ఊరు. పలాసకి రైలు వచ్చి అప్పటికి పుష్కరం గడిచినా, ఆ కూత వినబడితే పేరివలస ఎద్దులు ఇంకా తోకలెత్తి పరిగెత్తేవి. ఆ ఊరికి గొప్పలు రెండే. ఒకటి మంచినీళ్ళ నుయ్యి. కొబ్బరి బొండాలు ఆ నూతినీళ్ళ ముందు సిగ్గుపడి రాలిపోయేవట. రెండోది ఉట్టిమాను.

కృష్ణాష్టమి నాడు ఊరి నడుమ ముప్పై మూరల సరుగుడు మాను పాతి, చివర పెరుగుకుండనీ తలపాగానీ కట్టి, మాను పొడుగునా జారుడు పూసేవారు. ఎక్కడానికి పొరుగూళ్ళ నుంచి జట్లు వచ్చేవి. ఎక్కే జట్టు ఏడు కుండల నీళ్ళు తెచ్చుకోవచ్చు. వాళ్ళ ఆడవాళ్ళు ఆ నీళ్ళు మానుకి కొట్టి జారుడు కడుగుతూ ఉంటే మగవాళ్ళు ఎగబాకాలి. ఒకటే కట్టుబాటు: ఎవరి నీళ్ళు వాళ్ళ ఊరి నుంచే తెచ్చుకోవాలి. ఒక ఏడు పేరివలస నుయ్యి వాడుకోనిస్తే సాయంత్రానికి నూతి అడుగున కప్పలు నడిచి తిరిగాయి.

మానుకి జారుడు పూసే కుండ జగదాంబ ఇంటిది. తరాలుగా ఆముదమూ బురదా పూసేవారు. తరాలుగా పొరుగూరి కుర్రాళ్ళు మొదటి కుండలో నీళ్ళు అయిపోయే లోపలే ఎక్కేసేవారు. పెరుగుకుండ పోయిందని కాదు గాని, ఎక్కినవాడు పైన కూర్చుని ఊరి పెంకుటిళ్ళు లెక్కపెట్టి “ఐదే!” అని అరిచేవాడు. ఆ మాట పడలేకపోయేవారు.

కోడలి పులుసు చూసిన ఏడాదే జగదాంబకి ఒక ఆలోచన వచ్చింది. “గరిటినే ఒగ్గని జిగురు, మడిసిని నిలబడనిత్తాదేటి?” అని కుండ తీసుకొచ్చి దాలమ్మ ఒళ్ళో పెట్టింది.

వంటింట్లో పనికిరాని దాలమ్మ చెయ్యి మాను దగ్గర బంగారమైపోయింది. ముదిరిన బెండకాడలు తొక్క ఊడేలా దంచి, పేరివలస నూతినీళ్ళలో నానబెట్టి, పాత పంచెలో పిండితే వచ్చేదే జిగురు. దోసిలితో ఎత్తి వదిలితే మోకాళ్ళ దాకా తెగకుండా దిగేది. మానుకి పూసి ఆరనిస్తే కళ్ళకి ఏమీ కనబడదు. ఎక్కేవాళ్ళు “ఏటీ, ఏటీ పూయనేదు గావాల!” అని సంబరంగా తగులుకునేవారు. వాళ్ళ ఆడవాళ్ళు మొదటి కుండ నీళ్ళు కొట్టేవారు. అప్పుడు నిద్రపోతున్న జిగురు లేచేది! రెండో కుండతో ఉబ్బేది. రెండింతలు నీళ్ళు పోసినా జిగురు సగానికి తగ్గేది కాదు. కడుగుదామని తెచ్చుకున్న నీళ్ళే వాళ్ళ కొంప ముంచేవి.

ఇచ్ఛాపురం నుంచి ఒక వస్తాదు వచ్చాడు. ఎక్కేటప్పుడు తెలుగులో తొడ కొట్టాడు, జారేటప్పుడు ఒడియాలో దేవుణ్ణి పిలిచాడు. జారినవాడు మాను మొదట్లో ఆగలేదు. ఆ ఊపుతో కొబ్బరితోటల మధ్య నుంచి జారుకుంటూ పలాస స్టేషను దాకా పోయి, టిక్కెట్టు లేకుండా రైలెక్కేశాడని చెబుతారు. టిక్కెట్టు సంగతి స్టేషను మాస్టరుకే తెలియాలి.

అలా పదకొండేళ్ళు. మాను పైకి ఒక్క పురుగు ఎక్కలేదు. ఊళ్ళో అందరూ ఆమెని జిగురు దాలమ్మ అనేవారు. కూర మాడ్చినా, కుండ పగలగొట్టినా ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. పెళ్ళిళ్ళలో జగదాంబ తర్వాత తాంబూలం ఆమెకే. మొగుడు రామూర్తి సంతకి వెళ్తే “దాలమ్మ పెనివిటొచ్చినాడు” అని కూరగాయల వాళ్ళు జరిగి చోటిచ్చేవారు. రామూర్తికి ఇది హాయిగానే ఉండేది. అతనికి చాలా విషయాలు హాయిగానే ఉండేవి, ముఖ్యంగా నిద్ర.

హాయిగా లేనిది ఒక్క కామేశ్వరమ్మకే. ఈవిడ దాలమ్మకి చిన్న తోడికోడలు, టెక్కలి పిల్ల. టెక్కలి సంతలో సబ్బు చూసిన మనిషి.

“ఇందల గొప్పేటప్పా?” అనేది ప్రతి ఏడూ. “బెండకాడలు ఎవుల్దంచినా జిగురే వొత్తాది. ఆ కుండ నాకియ్యి. ఆముదంలో సబ్బు కరిగించి పూత్తాను. మానెక్కడం కాదు, మాను నీడెక్కినోడు కూడా జారిపోతాడు.”

పదకొండో ఏట అందరి ముందూ ఈ మాట అనేసరికి దాలమ్మకి తిక్క రేగింది. ఊరిపెద్ద కూర్మనాథం వైపు తిరిగి చెంగు బిగించింది.

“కూర్మనాదం బావా, ఇనుకో. నా మాను ఎవుడైనా ఎక్కినాడా, ఆ రోజే ఈ కుండ మా కామేసు సేతిలో పెట్టెత్తాను. మరి జన్మలో జిగురు ముట్టను!”

“ఎందుకే అంత మాట?” అన్నాడు రామూర్తి, కళ్ళు తెరవకుండానే.

పన్నెండో ఏట దిబ్బలరేవు జట్టు వచ్చింది. దిబ్బలరేవు వజ్రపుకొత్తూరు దిగువన సముద్రాన్ని ఆనుకున్న పల్లె. వేటకి పోయేవాళ్ళు, అష్టమి నాడు ఎప్పుడూ నీళ్ళ మీదే ఉండేవాళ్ళు. ఆ ఏడు తుఫాను గాలికి పడవలు ఒడ్డెక్కి, చేసే పని లేక, సరదాకి వచ్చారు. ముందు నడిచినవాడు పైడిరాజు. తాడు పేనినట్టుండే మనిషి, అరికాళ్ళు చెక్కలు. అతని వెనకాల అతని భార్య నీలవేణి, మరో ఆరుగురు ఆడవాళ్ళు నెత్తిన కుండలు పెట్టుకుని పాటలు పాడుతూ వచ్చారు.

“ఏటి బావా, ఈ ఎండు మానుకేనేటి మీ ఊరోలు మీసాలు మెలేసీది?” అన్నాడు పైడిరాజు కూర్మనాథం వైపు చూసి. “ఇంతకన్న మా తెరసాప మాను పొడుగు. అది ఊగుతుంతాది కూడా.”

“ఎక్కి మాటాడు మావా,” అంది దాలమ్మ మాను మొదట పీట వేసుకుని కూర్చుంటూ.

పైడిరాజు పట్టు వేశాడు. తుఫాను తేమకి మెత్తబడిన జిగురు మీద జర్రున జారాడు. ఊరు గొల్లుమంది. నీలవేణి మొదటి కుండ ఎత్తి మానుకి కొట్టింది. దాలమ్మ అలవాటుగా చిరునవ్వు నవ్వింది. ఇప్పుడు నిద్ర లేస్తుంది చూడండి, అన్నట్టు.

లేవలేదు. మాను మీద జిగురు తీగలుగా సాగకుండా ముక్కుచీదినట్టు పలచగా కారిపోయింది. రెండో కుండ. చారునీళ్ళలా పారింది. మూడో కుండకి సరుగుడు బెరడు గరుకు తేలి కనబడింది. పైడిరాజు చెక్కలాంటి అరికాళ్ళు ఆనించి, చొక్కా వేసుకున్నంత తేలిగ్గా పైకి పోయాడు. నాలుగు కుండలు మిగిలే ఉన్నాయి. పైన కూర్చుని తలపాగా చుట్టుకుని, ఊరంతా కలయజూసి అరిచాడు.

“ఓలప్పా! పెంకుటిల్లు ఆరయినాయే!”

ఆ ఒక్క ఇల్లు పెరిగినందుకు కూడా ఎవరూ సంతోషించలేదు.

దాలమ్మ పీట మీద నుంచి లేచింది. కుండ తీసుకెళ్ళి కామేశ్వరమ్మ చేతుల్లో పెట్టింది. కామేశ్వరమ్మ ఏళ్ళ తరబడి ఆ కుండ కోసమే ఎదురు చూసింది. తీరా చేతికి వచ్చాక దాని బరువు ఎలా పట్టుకోవాలో తెలియక, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడిపోయింది.

మర్నాటి నుంచి దాలమ్మ మళ్ళీ వట్టి దాలమ్మ. కూర మాడితే మాట పడింది. పేరంటంలో తాంబూలం ఎనిమిదో చేతికి వచ్చింది. సంతలో రామూర్తికి ఎవరూ జరిగి చోటివ్వలేదు. నిల్చుని నిద్రపోవలసి వచ్చింది.

“అదే బెండ. అదే నుయ్యి. అవే నా సేతులు,” అని పది రోజులు గొణిగి, పదకొండో రోజున దాలమ్మ తేల్చేసింది. “దిబ్బలరేవోలు మంత్రమేసినారు.”

మంత్రాన్ని కడిగెయ్యడానికి నడుం బిగించి దిబ్బలరేవుకి నడిచింది. ఇసకలో వల ఆరబెట్టుకుంటున్న నీలవేణి కనబడింది.

“ఓలే నీలేనీ! నా మాను మీద ఏ మంత్రపు నీళ్ళు పోసినావే?”

నీలవేణి చేతిలో వల అలాగే పట్టుకుని కడుపు చేత్తో నొక్కుకుని నవ్వింది. “మంత్రమేటొదినా? అదిగో, అయ్యే నీళ్ళు,” అని సముద్రం చూపించింది.

“సముద్రపు నీళ్ళా?”

“మరేటి? మా కాడ మంచినీళ్ళు ఎక్కడున్నాయొదినా! ఇసకలో సెలమ తవ్వి, కొబ్బరిసిప్పతోటి తోడుకుని, కుండ నిండీసరికి పొద్దెక్కిపోతాది. ఆ నీళ్ళు మానుకి పోత్తామేటి? మా అత్త సంపీదు? ఎలాగూ మట్టిలో పోసీ నీళ్ళే కదా అని, దారిలో సముద్రంల ముంచీసినాం.”

దాలమ్మ అల దగ్గరికి నడిచి గొంతుక్కూర్చుంది. వేలు సముద్రంలో ముంచి నాకింది. పన్నెండేళ్ళ కిందటి పులుసు నాలిక మీదకి వచ్చింది. అత్తగారి గుప్పెడు. గరిటె వదిలిన ఆ ఒక్క క్షణం. హస్తవాసి కాదు. ఉప్పు!

“ఓలమ్మో!” అని లేచి నీలవేణిని పట్టుకుని గిరగిరా తిప్పింది. తగువుకి వచ్చిన మనిషి ఇలా తిరుగుతుందేమిటని నీలవేణి హడలిపోయింది. తిరిగి తిరిగి ఇద్దరూ వల మీద పడ్డారు.

“లెగు లెగు! ఇప్పుడే గంజి పెట్టినాను, సీరకి అంటుకుంతాది,” అంది నీలవేణి.

“ఏ గంజే?”

“చింతపిక్కల గంజి. నూలు బిర్రుగా ఉంతాదని పెడతాం. మూడు మాట్లు వేటకెళ్ళొచ్చినా దిగదు. దిగబెట్టాలంటే మా పేణం మీదకొత్తాది.”

“ఉప్పునీళ్ళకీ దిగదా?”

“దానికి ఉప్పేటి, తీపేటి? అన్నీ ఒకటే.”

ఇంటికి వచ్చిన దాలమ్మకి ఒక చిక్కు వచ్చిపడింది. జన్మలో జిగురు ముట్టనని పదిమందిలో అనేసింది. అందుకని రామూర్తిని లేపింది. “నాను ముట్టనన్నాను గాని సెప్పనని అన్లేదు. నువ్వు ముట్టు, నాను సెప్తాను.”

పాపం రామూర్తి ఆ వారం నిద్రపోయింది తక్కువ, బెండకాడలు దంచింది ఎక్కువ. మూకుళ్ళు వరసగా పెట్టించి, ఒకదానిలో ఉత్త జిగురు, మిగతావాటిలో చిటికెడు ఉప్పు, గుప్పెడు, రెండు గుప్పిళ్ళు వేయించింది. గరిటెతో ఎత్తి వదిలి తీగ ఎంత పొడుగు సాగుతుందో కర్రతో కొలిపించింది. ఉత్త జిగురు తీగ మోకాళ్ళ దాకా దిగింది. తొలి చిటికెకే జానెడు అయిపోయింది. గుప్పెడికి బెత్తెడు. రెండో గుప్పెడికి కూడా ఇంచుమించు ఆ బెత్తెడే. రామూర్తి తాంబూలంలోకి తెచ్చుకున్న సున్నం నీళ్ళు ఇంకో మూకుట్లో పడితే జిగురు విరిగిన పాలలా ముక్కలు ముక్కలైపోయింది.

“ఎందుకలగ?” అన్నాడు రామూర్తి. పెళ్ళయ్యాక అతను కళ్ళు తెరిచి పెళ్ళాన్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

దాలమ్మ మూడు రోజులు ఆలోచించి పెట్టుకున్న జవాబు చెప్పింది.

“సూడు మావా. జిగురులో దారాలుంతాయి. మన కంటికి ఆనవు. ఒక్కొక్క దారం పొడుగునా తోడికోడళ్ళు బారులు తీరి కూకుంతారు. ఒకల్నంటే ఒకలికి పడదు. నువ్వు దూరం పో అంటే నువ్వు దూరం పో అని తోసుకుంతుంతారు. అలగ తోసుకుంతే దారం ఏటవుద్ది?”

“సాగుద్ది.”

“బిర్రుగా సాగిపోద్ది. సాగిన దారాలు కుండ నిండా అడ్డంగా పడుంతే గరిటి తిరుగుద్దేటి? తిరగదు. మంచినీళ్ళు పోత్తే మరింత సోటు దొరికినాదని మరింత సాగుతారు. ఇప్పుడు ఉప్పు పడింది. ఉప్పంటే సుట్టాలు. తోడికోడళ్ళ మధ్యన ఒచ్చి కూకున్నారు. సుట్టాల ముందర తగువాడతారేటి? కోపం సల్లారిపోనాది. తోసుకోడం మానీసినారు. దారం ముడుసుకుని ఉండైపోనాది. ఉండలు నీళ్ళతోటి దొర్లిపోతాయి. నలుగురు సుట్టాలొత్తేనే నోళ్ళు మూతపడతాయి. ఆ ఎనక నలబైమందొచ్చినా ఒకటే.”

“మరి సున్నం?”

“సున్నం పెద్ద సుట్టం. వొత్తానే ఇద్దరి జుట్టూ సెరో సేత్తో పట్టుకుని కట్టీసినాది.”

“చింతపిక్క?”

“దానికి ఎవులితోటీ తగువు లేదు మావా. దాని చిక్కదనం తోసుకోడం వల్ల వొచ్చింది కాదు, దాని ఒళ్ళే బారు. తగువే లేనికాడ సుట్టాలొచ్చి ఏటి సల్లారుత్తారు?”

రామూర్తి గరిటె కింద పెట్టి, “మన కామేసుకీ నీకూ కూడా గుప్పెడు ఉప్పేత్తే బాగుణ్ను,” అని గోడకి జారబడి నిద్రపోయాడు.

మరుసటి ఏడు అష్టమి ఇంకా ఇరవై రోజులుందనగా కామేశ్వరమ్మ కుండతో సహా గుమ్మంలో నిలబడింది. మొహం వేలాడిపోయి ఉంది. పెరట్లో వెదురు బొంగుకి ఆముదంలో సబ్బు కరిగించి పూసి చూసిందట. పక్కింటి పిల్లి ఎక్కేసింది.

“దిబ్బలరేవోలు మళ్ళీ వొత్తన్నారంట అప్పా. ఈ పాలి ఏడూ కాదు, పద్నాలుగు కుండలు తెచ్చుకుంతామని కూర్మనాదం బావకి కబురెట్టినారు. బావ సరేనన్నాడు.”

“రానీ,” అంది దాలమ్మ వత్తులు చేసుకుంటూ.

“నాను పూసిన మాను ఎక్కెత్తారు.”

“ఎక్కనీ.”

“నీకు సంబరమేటప్పా?”

సంబరమే. ఏడాది పాటు ఎనిమిదో తాంబూలం తిన్న మనిషికి సంబరం కాకపోతే ఏముంటుంది? కామేశ్వరమ్మ ఓడిపోతే కుండ ఎవరి దగ్గరికి నడుచుకుంటూ వస్తుందో దాలమ్మకి తెలుసు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కానీ కళ్ళు మూసుకుంటే పైడిరాజు మాను చివర కూర్చుని పెంకుటిళ్ళు లెక్కపెడుతున్నాడు. అది ఎవరు పూసిన మానైనా కానీ, పన్నెండేళ్ళు తన చేతుల్లో తడిసిన మాను. వత్తి చేతిలోనే తెగిపోయింది.

“మీ ఇంట్ల చింతపిక్కలెన్నున్నాయే?”

“రెండు గోనెలు. ఎందుకు?”

“ఏపు. బేగి.”

ఆ ఇరవై రోజులూ పేరివలస చెవులు చిల్లులు పడ్డాయి. దాలమ్మ ముట్టదు. మూడు మూరల దూరంలో పీట వేసుకుని, చేతిలో కర్ర పట్టుకుని, చెబుతుంది. పిక్కలు ఇంకా ఎర్రబడాల. పొట్టు తియ్యి. ఆ పొట్టు కాదు, ఆ కిందది. మెత్తగా ఇసురు. తిరగలి అలగ తిప్పుతారేటి, టెక్కలిలో తిరగళ్ళు లేవేటి? సల్లనీళ్ళలో కలుపు, ముందే ఏన్నీళ్ళలో ఏత్తే ఉండలు కడతాది. తిప్పు. ఆపకు. ఆపినావేటి? కామేశ్వరమ్మ చేతులు కాయలు కాశాయి. రాత్రి కలలో కూడా “తిప్పు” అని వినబడి ఉలిక్కిపడి మొగుణ్ణి తిప్పేది.

ఉడికిన గంజిని రెండు మూకుళ్ళలో పోసి, ఒకదానిలో కూర్మనాథం చూస్తుండగా గుప్పెడు ఉప్పు కలిపారు. రెండింట్లోనూ గరిటె ఒక్కలాగే జారింది. కూర్మనాథం వేలు పెట్టాడు. వేలు జారిపోయి ఆయన ముక్కుకే తగిలింది. “పనికొత్తాది,” అన్నాడు.

అష్టమి నాడు దిబ్బలరేవు పల్లెలో ముసలివాళ్ళు, మేకలు తప్ప ఎవరూ మిగల్లేదు. పద్నాలుగు కుండలూ సముద్రం తొణుకుతూ వచ్చాయి. పైడిరాజు పోయినేటి తలపాగా చుట్టుకునే వచ్చాడు.

“దాలమ్మొదినా, ఏడో పెంకుటిల్లు లేసిందేటి?”

“ఎక్కి సూసుకో మావా!”

మొదటి కుండ పడింది. పైడిరాజు రెండు మూరలు ఎక్కాడు, మూడు మూరలు దిగాడు. అంటే నేలలోకి మూర దిగాడన్నమాట. రెండో కుండ, మూడో కుండ. మాను నూనె రాసిన వాలుగ చేపలా మెరుస్తోంది, ఒక్క తీగ తగ్గలేదు. అతని భుజాల మీదకి తమ్ముడు ఎక్కాడు, తమ్ముడి మీదకి బావమరిది. పదో కుండకి ముగ్గురూ ఒకరి మీద ఒకరు బుట్టలో రొయ్యల్లా పడి, ఎవరి కాళ్ళు ఎవరివో తేల్చుకోవడానికి నీలవేణి రావలసి వచ్చింది.

“ఇదేటొదినా, ఉప్పుకి దిగదేటి?” అని అరిచింది నీలవేణి పద్నాలుగో కుండ బోర్లించి.

“దానికి ఉప్పేటి, తీపేటి!” అని అరిచింది దాలమ్మ.

నీలవేణి తన మాట తనకే తిరిగొచ్చిందని తెలుసుకుని, ఖాళీ కుండ నెత్తిన బోర్లించుకుని నవ్వింది. పైడిరాజు పాత తలపాగా విప్పి మాను మొదట పెట్టాడు.

ఊరు ఊగిపోయింది. తప్పెటగుళ్ళ వాళ్ళు గుండెలకి కట్టుకున్న తప్పెట్లు పగిలేలా వాయించారు. కూర్మనాథం చెయ్యెత్తి, “కుండ కామేశ్వరమ్మది. మాను నిలబెట్టింది. మొదటి తాంబూలం...” అన్నాడు.

దాలమ్మ తల దించుకుంది. నవ్వుదామని చూసింది గాని, నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కామేశ్వరమ్మ కుండ ఎత్తుకుని ముందుకి వచ్చింది. అడుగున ఇంకా సగం జారుడు మిగిలి ఉంది. తాంబూలం పళ్ళెం చూసింది. కాయలు కాసిన తన అరచేతులు చూసింది. పక్కనే పీట మీద కర్ర పట్టుకుని కూర్చున్న తోడికోడల్ని చూసింది.

“కూర్మనాదం బావా! వొచ్చే ఏడు కూడా ఈవిడ సెప్పీదీ, నాను తిప్పీదీనా?”

“మరి ముట్టనని ఒట్టేసుకుంది కదా.”

“ముట్టకుండా ఇరవై రోజులు నన్ను సంపీసినాది! తిప్పు, ఆపకు, తిప్పు, ఆపకు! ఈ నోరు భరించడం కన్నా దిబ్బలరేవోలతో ఓడిపోడమే సుకం. ముట్టదంట, ముట్టదు!”

అంటూనే కుండ ఎత్తి దాలమ్మ నెత్తిన గుమ్మరించింది.

నెత్తి నుంచి కాళ్ళ దాకా మెరుస్తూ దాలమ్మ లేచి నిలబడబోయి, పీట మీద నుంచి జారి, కామేశ్వరమ్మ కాళ్ళని తన్నేసింది. ఇద్దరూ కలిసి మాను మొదట్లోంచి వీధిలోకి, వీధిలోంచి కూర్మనాథం మీదకి జారారు. ఆయన తాంబూలం పళ్ళెంతో సహా మూడో మనిషిగా చేరాడు. లేపడానికి వచ్చిన రామూర్తి నాలుగోవాడు. అతను మాత్రం పడ్డచోటే హాయిగా ఉండిపోయాడు.

“ముట్టీసినావప్పా!” అని అరుస్తోంది కామేశ్వరమ్మ, పగలబడి నవ్వుతూ. “ఒట్టు పోనాది! కుండ నీదే!”

“నాను ముట్టలేదే, అదే నన్ను ముట్టింది!” అంటోంది దాలమ్మ, ఖాళీ కుండని రెండు చేతులా కడుపుకి అదుముకుంటూ. జారుడు చేతుల్లోంచి కుండ జారితే కాళ్ళతో పట్టుకుంది, కాళ్ళలోంచి జారితే గడ్డంతో పట్టుకుంది, వదల్లేదు.

దిబ్బలరేవు ఆడవాళ్ళు జాలిపడి, ఆ ఒళ్ళంతా కడుగుదామని సముద్రానికి పరిగెత్తారు. కోసున్నర దూరం పోయి, మళ్ళీ పద్నాలుగు కుండలు నింపి తెచ్చి, వరసగా దాలమ్మ నెత్తిన గుమ్మరించారు.

దిగితేనా!